సొలొమోను అమ్మిన సాక్ష్యం

పటమటలో నా రికార్డింగ్ గది గురించి ముందు చెప్పాలి. జరిగిన తప్పులో సగం అక్కడే జరిగింది. పేరుకి స్టూడియో గానీ, నిజానికి అది ఒక బట్టల కొట్టు వెనకున్న గోడౌను. మా నాన్న చేనేత చీరల వ్యాపారం మూతపడ్డాక మిగిలిన దుప్పట్లూ పరుపులూ గోడలకి కొట్టి, ఒక మైకూ కంప్యూటరూ పెట్టి, బయట బోర్డు రాయించాను. ఆటోల మీద ఊరంతా తిరిగే ప్రకటనలు అక్కడ తయారవుతాయి. చీరల సేలు, కొత్త కోచింగ్ సెంటరు, ఆపరేషన్ లేకుండా మొలలకి వైద్యం, అన్నీ నా గదిలోంచే బయల్దేరతాయి. పదిహేనేళ్లపాటు ఆ ప్రకటనల్లో వినపడిన మగ గొంతు ఒకే మనిషిది. బెజవాడ నుంచి ఉయ్యూరు దాకా ఆ గొంతు తెలియని ఇల్లు లేదు, ఆ మనిషి తెలిసిన ఇల్లు పట్టుమని పది లేవు. అతని పేరు సొలొమోను.

అంత గొంతు ఆ బక్క మనిషిలో ఎక్కడ దాక్కుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. జేబులో రెండు పెన్నులు, చేతిలో టిఫిను క్యారియరు. బస్సులో పక్కన కూర్చుంటే ఏ ఆఫీసులోనో అటెండరు అనుకుంటారు. నోరు విప్పాక మాత్రం ముందు సీట్ల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

అతనిది ఉయ్యూరు అవతల కాలవ గట్టు మీదున్న ఒక చిన్న పేట. తల్లీ తండ్రీ చెరకు నరికే కూలీలు. నాలుగేళ్ల వయసులో తల్లి పోతే, పన్నెండేళ్ల అక్క మార్త బడి మానేసి వాణ్ణి పెంచింది. తను మానేసిన బడికి తమ్ముణ్ణి పంపింది. ఆ పేట చర్చిలో అప్పట్లో చదువొచ్చిన వాళ్లు తక్కువ. అందుకని పదేళ్ల సొలొమోనుని స్టూలు మీద నిలబెట్టి ఆదివారం వాక్యం చదివించేవాళ్లు. చదివేవాడు తొందరపడితే వినేవాళ్లకి దేవుడు కూడా తొందరలో ఉన్నాడనిపిస్తుందని అప్పటి పాస్టరు గారు చెప్పారట. ఎక్కడ ఆగాలో అతనికి అలా తెలిసింది. మిగతావన్నీ బెజవాడ నేర్పింది.

అతనికో పద్ధతి ఉండేది. ఎవరు ఏం అమ్మమన్నా అదే పద్ధతి. "చూడండి గోపీనాథ్ గారూ, ముందు ఎవరు చెబుతున్నారో చెప్పాలండి. తర్వాత వినేవాడికి ఎక్కడ నొప్పో అక్కడ వేలు పెట్టాలి. లెక్క ఆఖర్న. లెక్క ముందు చెబితే బేరం అనుకుంటారు, ఆఖర్న చెబితే తెలివి అనుకుంటారు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. కానీ మా గదిలోనే, మా కళ్ల ముందే తయారైన ఆషాఢం సేలు ప్రకటన మరుసటి రోజు మా వీధిలో వినపడితే, మా ఆవిడ రేణుక కొంగు బిగించి వెళ్లి రెండు చీరలు తెచ్చుకుంది. రాసింది ఎవరో, చదివింది ఎవరో, ఎన్నిసార్లు దగ్గి మళ్లీ చదివాడో అన్నీ ఆవిడకి తెలుసు. "తెలిస్తే మాత్రం? అతనంత బాగా చెబుతుంటే వెళ్లకుండా ఎలా ఉంటామండీ" అంది. ఒక వార్డు ఎన్నికలో ఇద్దరు అభ్యర్థులకీ గొంతు అరువిచ్చాడు, ఒకరికి పొద్దున, ఒకరికి సాయంత్రం. ఇద్దరికీ ఓట్లు బాగానే పడ్డాయని చెప్పుకుని టీ తాగుతూ నవ్వుకున్నాం. అప్పట్లో మాకు మాటంటే ఒక పనిముట్టు, అంతే.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక షుగరు పొడి కంపెనీ మనిషి వచ్చాడు. ఆ పొడి పేరు రాయను, రాస్తే ఇదీ ఒక ప్రకటనే అవుతుంది. వేరువేరు చెట్ల ఆకులు ఎండబెట్టి దంచినది. పొద్దునా సాయంత్రం నీళ్లలో కలుపుకుని తాగితే మాత్రలూ సూదులూ అక్కర్లేదని వాళ్ల మాట. ఆ మనిషికి సొలొమోను గొంతు ఒక్కటే చాలలేదు. "షుగరున్న ఆడమనిషి తన నోటితో చెప్పాలండీ. యాక్టింగ్ వద్దు" అన్నాడు. ఇద్దరు నాటకాల ఆడవాళ్లని పిలిపించాం. ఒకామె ఏడ్చి చెప్పింది, ఒకామె నవ్వి చెప్పింది. రెండూ పనికిరాలేదు. కూచిపూడి నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఎంత సహజంగా చెప్పబోయినా ఒప్పచెప్పినట్టే ఉంది.

ఆ మధ్యాహ్నమే మార్తక్క వచ్చింది. ఆమెకి పన్నెండేళ్లుగా షుగరు. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకునేది. రెండు నెలలకోసారి పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకుని, వెళ్లేటప్పుడు మా గదికొచ్చి, తమ్ముడికీ నాకూ గోంగూర పచ్చడి ఇచ్చి బస్సెక్కేది. ఆ రోజు వచ్చి కూర్చుని, దారిలో బస్సు ఎక్కడాగిందో, కండక్టరు ఏమన్నాడో చెబుతోంది. కంపెనీ మనిషి సొలొమోను వైపు చూశాడు. సొలొమోను నా వైపు చూశాడు. వద్దనాల్సిన వాణ్ణి నేనే. నేను మైకు ఎత్తు సరిచేశాను.

"అక్కా, ఈ నాలుగు ముక్కలు చెప్పిపెట్టవే" అన్నాడు సొలొమోను.

"నేనా పొడి తాగలేదు గదరా. తాగానని ఎట్టా చెప్పను?"

"ఇదంతా నాటకంలో వేషం లాంటిదక్కా. నీ పేరు వేసుకోరు, ఊరు వేసుకోరు."

ఆమె కాగితం పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. బాగా రాలేదు. మళ్లీ చదివింది. రాలేదు. అప్పుడు సొలొమోను ఒక మాటన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే తన గొంతు మొత్తం ఇచ్చేస్తానని ఇప్పుడంటాడు.

"కాగితం పక్కన పెట్టక్కా. గుడిలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పు."

నేను వాళ్ల మతం వాణ్ణి కాదు. సాక్ష్యం అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. వాళ్లు గుడి అని పిలుచుకునే చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో, దేవుడు తమకి ఏం చేశాడో చెప్పాలనుకున్న వాళ్లు లేచి నిలబడి అందరి ముందూ చెబుతారు. జబ్బు తగ్గిందనో, కొడుకు తాగుడు మానాడనో, తుఫానులో గోడ పడినా పిల్లలు బతికారనో. విన్నవాళ్లు స్తోత్రం చెబుతారు. అది దేవుడి ఎదుట చెప్పిన మాట. అందులో అబద్ధం కలిపిన వాళ్లని ఆ పేటలో ముప్పై ఏళ్లయినా మర్చిపోరు. ఇదంతా సొలొమోనుకి తెలుసు. తెలిసే అన్నాడు, ఎందుకంటే ఆ పూటకి అతని బుర్రలో ఉన్నదల్లా గొంతు సరిగ్గా పలకడమే.

మార్తక్క కొంగు తల మీద కప్పుకుంది. కళ్లు మూసుకుంది. "ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు" అని మొదలుపెట్టి, పన్నెండేళ్లు సూదులతో తను పడిన బాధ చెప్పింది. పండగ పూట మనవడు లడ్డూ నోట్లో పెట్టబోతే మొహం తిప్పుకున్నానని చెప్పింది. ఈ పొడి తాగాక సూది మానేశాననీ, హాయిగా ఉన్నాననీ చెప్పింది. బాధంతా నిజం, ఆఖరి రెండు మాటలే అబద్ధం. కంపెనీ మనిషి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నేను దేవుడి పేరున్న మొదటి వాక్యం కత్తిరించి తీసేశాను. మా దృష్టిలో అక్కడితో అది సాక్ష్యం కాకుండా పోయింది. తల మీద కొంగు కప్పుకున్న మనిషి దృష్టిలో ఏమైందో మేం అడగలేదు.

ఆ ప్రకటన పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు రోడ్డంతా తిరిగింది. ఫోన్లలో ఎక్కింది. వాళ్ల పేట వాళ్లకి ఆ గొంతెవరిదో చెప్పాలా? మరుసటి వారమే ఆడవాళ్లు ఆమె గుమ్మం ముందు చేరారు. "మార్తమ్మా, నిజమేనా? సూది మానేశావా?" అని అడిగారు. కాదంటే సాక్ష్యంలో అబద్ధమాడినట్టు. అవునంటే మరో అబద్ధం. ఆమె రెండూ అనలేదు. ఆ సాయంత్రం నుంచి సూది మానేసింది. తమ్ముడికి చెప్పకుండా ఉయ్యూరు వెళ్లి పొడి డబ్బా కొనుక్కుని తాగడం మొదలుపెట్టింది. చెప్పిన మాటని అలాగైనా నిజం చేద్దామనుకుంది. మిగతా ప్రపంచంలో ఎవరైనా ఇలా చేస్తారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. మనం అబద్ధం చెబితే దాన్ని దాచే దారి వెతుక్కుంటాం. ఆవిడ తన ఒంటిని దానికి సరిపెట్టబోయింది.

పెద్దాసుపత్రికి కూడా రావడం మానేసింది. ఊళ్లో పనులున్నాయని ఫోన్లో చెప్పేది, మేం నమ్మాం. జనవరిలో, చెరకు నరికే రోజుల్లో, సొలొమోను ఊరెళ్లాడు. అక్క కుంటుతోంది. పది రోజుల కిందట గేదెకి చెరకాకు తేవడానికి పొలంలోకి వెళితే నరికిన మోడు చెప్పులోంచి గుచ్చుకుందట. నొప్పి తెలియలేదంది. పాదానికి చుట్టిన గుడ్డ విప్పి చూస్తే లోపల నల్లగా ఉంది. ఇన్సులిన్ సీసాలు చల్లగా ఉండాలని ఎప్పుడూ తడి ఇసుక పోసిన కుండలో పెట్టుకునేది. కుండలో ఇసుక ఎండిపోయి ఉంది. సీల్ తియ్యని సీసాలు అలాగే ఉన్నాయి.

"ఎప్పటి నుంచే అక్కా?"

"నువ్వు చెప్పించిన కాడి నుంచి."

అతను ఏడ్చాడు, తిట్టాడు, కాళ్లు పట్టుకున్నాడు. ఆ తర్వాత తన పద్ధతంతా వాడాడు. డాక్టరు పేరు చెప్పాడు. మనవడి పేరు చెప్పి భయపెట్టాడు. షుగరు ఎంతుంటే ఎన్నాళ్లకి ఏమవుతుందో లెక్క కట్టి చెప్పాడు. ఆమె అన్నీ విని, పుండుకి కట్టు కట్టించుకోవడానికి ఒప్పుకుంది. సూదికి మాత్రం ఒప్పుకోలేదు.

"పాపం నాదక్కా. చెప్పించింది నేను."

"నోరు నాదేగా తమ్ముడూ. కొంగేసుకుని చెప్పాను. ఇప్పుడు సూది పొడుచుకుంటే నన్ను నేనే దొంగని చేసుకున్నట్టు కాదా?"

"పోనీ గుడిలో లేచి, అబద్ధం చెప్పానని ఒప్పేసుకో."

"అంత ధైర్యం నాకు లేదురా" అంది.

అదొక్కటే దారి. ఆ మాట ఎవరో ఒకరు ఆ నలుగురి ముందూ వెనక్కి తీసుకుంటే ఆమె సూది పొడుచుకుంటుంది, కాలు దక్కుతుంది. సొలొమోనుకి అది అప్పుడే అర్థమైంది. కానీ వెళ్లి చర్చిలో నిలబడలేదు. తిన్నగా బెజవాడ వచ్చి నా గదిలో కూర్చున్నాడు. "ప్రకటనతో పోయింది ప్రకటనతోనే తిరిగి రావాలండి" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఇద్దరం సిగ్గుపడుతున్నామని ఇద్దరికీ తెలుసు. మైకు వెనక మొహం కనపడదు. పెంచిన పేటలో, పేరు పెట్టి పిలిచే మనుషుల ముందు, మొహం కనపడుతుంది.

రెండు రోజులు కూర్చుని రాశాడు. అతను అంత బాగా ఎప్పుడూ చదవలేదు. "నేను మీ అందరికీ తెలిసిన గొంతుని. అయిదు నెలల కిందట మీకొక అబద్ధం చెప్పించాను" అని మొదలవుతుంది. ఆటోకి మైకు కట్టించి అదే రోడ్డులో పన్నెండు రోజులు తిప్పాం. జనం ఆగి విన్నారు. పన్నెండో రోజున కంకిపాడు సెంటర్లో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన, చౌడయ్య గారని, ఆటో ఆపించి మరీ మొత్తం విన్నాడు. విని, డ్రైవరు పక్కన కూర్చున్న సొలొమోనుని అడిగాడు.

"అంతా బాగానే చెప్పారు గానీ అబ్బాయ్, మీ పొడి పేరు చెప్పడం మర్చిపోయారే."

"మా పొడి ఏం లేదండి. ఆ పొడి తాగొద్దని చెబుతున్నామండి."

"అదే లేవయ్యా. అది తాగొద్దు, మరేది తాగాలి?"

ఆ రోజు సాయంత్రం అతను ఆటో వెనక్కి తిప్పించాడు. పొడి కంపెనీ వాళ్లని ఆ గొంతు తీసెయ్యమని అడిగాం. రికార్డింగు మాది కాదు వాళ్లదన్నారు. అది నిజమే, నేనే సంతకం పెట్టాను.

ఆ పై ఆదివారం సొలొమోను చర్చిలో నిలబడ్డాడు. నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. పాస్టరు ఎలీషా గారు, సాక్ష్యం చెప్పేవాళ్లున్నారా అని అడిగారు. ఇతను లేచాడు. అందరూ సంబరంగా వెనక్కి తిరిగి చూశారు, ఊళ్లోకెల్లా మంచి గొంతు కదా. అతను "మా అక్క..." అని ఆగిపోయాడు. మళ్లీ "ఆ పొడి..." అన్నాడు. వరస లేదు, ఆపు లేదు, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. వినడానికి అవస్థగా ఉంది. ముందు వరసలో ఎవరో పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికెళ్లారు. అతను నోట్లో నోట్లో ఏదో అనుకుంటూ కూర్చోబోతుంటే ఆడవాళ్ల వైపు నుంచి మార్తక్క లేచింది. తల మీద కొంగు సరిచేసుకుంది.

"తమ్ముడు చెప్పింది నిజం. నేను అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి" అంది. కూర్చుంది.

ఆ మధ్యాహ్నం అన్నానికి ముందు ఆమె సూది పొడుచుకుంది. సొలొమోను పక్కనే కూర్చుని చూశాడు. బుధవారం చలిజ్వరం వచ్చింది. గురువారం పెద్దాసుపత్రిలో చేర్చాం. శనివారం మోకాలి కింద తీసేశారు. ఆటో తిప్పుతూ పన్నెండు రోజులు పోగొట్టకుండా ముందే చర్చికి వెళ్లి ఉంటే కాలు దక్కేదా అని డాక్టరు గారిని అడిగాను. చెప్పలేం అన్నారు. అవునన్నా బాగుండేది, కాదన్నా బాగుండేది. ఆ పన్నెండు రోజుల గురించి సొలొమోను తనని తాను క్షమించుకోలేదు. నా సంగతి అడిగితే, నేనూ క్షమించుకోలేదు. గదిలో మైకు అలాగే ఉంది. అతను దాని ముందుకి మళ్లీ రాలేదు. పటమటలో ఒక మెడికల్ షాపులో లెక్కలు రాస్తున్నాడు. మాట్లాడక్కర్లేని పని.

కానీ నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటి ఉంది. ఆసుపత్రిలో పదో రోజు వాళ్ల పేట నుంచి శౌరమ్మ చూడ్డానికొచ్చింది. మార్తక్క పక్కింటావిడే. ఆమెకీ షుగరే. సొలొమోను మంచం పక్కన కూర్చున్నాడు, నేను యాపిల్ పళ్లు పట్టుకెళ్లి మంచం కాళ్ల వైపు నిలబడి ఉన్నాను. శౌరమ్మ దుప్పటి వైపు చూసింది, కాలు లేని చోట చెయ్యి వేసి నిమిరింది, ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని మెల్లిగా అంది.

"నే చెబితే వినవు గానీ అక్కా, సూది మొదలెట్టిన వారానికేగా ఇది జరిగింది. పొడి తాగినన్నాళ్లూ నడిచే తిరిగావు."

మార్తక్క దిండు మీంచి తలెత్తింది. "నువ్వింకా తాగుతున్నావా?" అంది.

"మరి? నీ మాట విన్నాకేగా నేను సూది మానేసింది. మన పేటలో ఎవరూ పొడి మాన్లేదు. గుడిలో ఏదో బాధలో అన్నావులే అనుకున్నాం. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదని మాకు తెలీదా?"

మార్తక్క లేవబోయింది, లేవలేకపోయింది. తమ్ముడి చెయ్యి పట్టుకుంది. కాలు తీసేసినప్పుడు కూడా నేను ఆమెని అలా చూడలేదు. "చెప్పరా తమ్ముడూ. నీకు చెప్పడం వచ్చుగా. దీనికి చెప్పరా" అంది.

సొలొమోను చెప్పాడు. ఆ వార్డులో, ఆ ఇనప మంచాల మధ్య నిలబడి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి, ఉన్న విద్యంతా పెట్టి చెప్పాడు. పక్క మంచాల వాళ్లు కూడా లేచి కూర్చుని విన్నారు. నర్సమ్మ గుమ్మంలో ఆగింది. శౌరమ్మ కళ్లార్పకుండా ఆఖరి మాట దాకా వింది.

"ఎంత బాగా చెప్పావు తమ్ముడూ. టీవీలో కూడా ఇంత బాగా చెప్పరు" అంది. చీకటి పడకుండా ఉయ్యూరు బస్సు అందుకోవాలని సంచి తీసుకుని లేచింది.